సిబిల్ ఒకరిది, ఇల్లు ఇద్దరిది

కొత్తచెరువు చుట్టుపక్కల ఇల్లు కట్టుకోవాలనుకునే దంపతుల్లో తరచూ ఒకరికి నెలజీతం ఉంటుంది, మరొకరికి సేద్యం. భార్య బడిలో టీచరో, పుట్టపర్తి ఆసుపత్రిలో నర్సో అయితే, భర్త మెట్టచేలో శెనక్కాయ వేసే రైతు. ఇంకో ఇంట్లో భర్త పెనుకొండ దగ్గర ఎర్రమంచిలోని కియా ఫ్యాక్టరీకి షిఫ్టులకు పోతుంటాడు, భార్య డ్వాక్రా సంఘంలో అప్పు తీసుకుని పాడి చూసుకుంటుంది. ఇద్దరి రాబడీ కలిస్తేనే గడిచే సంసారాలివి. హోంలోను కోసం బ్యాంకుకు పోయినప్పుడు మాత్రం ఇద్దరినీ విడివిడిగా తూకం వేస్తారు. పాన్ నంబర్లు కొట్టి చూసి, ఒకరిది బాగుంది, రెండోవారి సిబిల్ పడిపోయింది అని చెప్తారు.

ఆ మాట విన్నాక చాలా ఇళ్లలో జరిగేది రెండింటిలో ఒకటి. ఇల్లు మన రాతలో లేదని ఊరుకుంటారు, లేకపోతే ఎంత వడ్డీకైనా సరే ఇచ్చేవాళ్ల దగ్గర సంతకం పెట్టేస్తారు. మూడోది కూడా ఉంది, అది మరింత నిశ్శబ్దంగా జరుగుతుంది. స్కోరు తక్కువ ఉన్న మనిషి పేరును అప్పు కాగితం నుంచి తీసేస్తూ, అదే ఊపులో స్థలం కాగితం నుంచి కూడా తీసేస్తారు. బ్యాంకు అడిగింది అప్పు కాగితం సంగతే. స్థలం కాగితం సంగతి ఎవరూ ఆలోచించకుండా జరిగిపోయేది.

ఈ మూడింటికీ దూరంగా నడిచే దారి ఉంది. స్కోరు ఎందుకు పడిందో ముందు తెలుసుకోవాలి, బాగుపడేదేమో చూడాలి, ఆ తర్వాతే ఏ కాగితం మీద ఎవరి పేరు ఉండాలో తేల్చుకోవాలి. చాలామంది చివరిది మొదట చేస్తారు. అందుకే నష్టపోతారు.

పెళ్లితో స్కోర్లు కలవవు

మన దేశంలో అప్పుల చరిత్రను నమోదు చేసే సంస్థలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. వీటికి ఆధారం 2005 నాటి క్రెడిట్ సమాచార సంస్థల చట్టం. సిబిల్ అన్నింటికంటే ముందు, 2000లో, పుట్టింది కాబట్టి స్కోరుకే ఆ పేరు స్థిరపడింది. స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది. అది మనిషికి కట్టే లెక్క. దంపతులకు ఉమ్మడి స్కోరు అంటూ లేదు. భర్త పంట రుణం ఓవర్‌డ్యూ అయితే భార్య స్కోరు తగ్గదు, భార్య కార్డు బిల్లు ఆలస్యమైతే భర్త స్కోరు తగ్గదు. ఇద్దరూ కలిసి సంతకం పెట్టిన అప్పు, ఒకరికి మరొకరు జామీను ఉన్న అప్పు మాత్రం ఇద్దరి రిపోర్టుల్లోనూ కనిపిస్తుంది.

కాబట్టి ఒకరే దరఖాస్తు చేసుకుంటే చూసేది వారి రిపోర్టే. ఇద్దరూ కలిసి చేసుకుంటే బ్యాంకు ఇద్దరివీ తీస్తుంది, చాలాచోట్ల తక్కువ స్కోరును బట్టే వడ్డీ రేటు, ఒక్కోసారి అసలు అప్పు ఇవ్వాలా వద్దా అన్నదీ నిర్ణయమవుతాయి.

దీనికి ఒక మినహాయింపు మన పల్లెలకు బాగా తెలిసిన చోటే ఉంది. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలైన రిజర్వు బ్యాంకు ఆదేశాల ప్రకారం సూక్ష్మరుణం ఇచ్చే సంస్థ మనిషిని ఒక్కరినే చూడకూడదు. భర్త, భార్య, పెళ్లికాని పిల్లలు కలిసి ఒక కుటుంబం. ఆ కుటుంబం నెలకు కట్టే కంతులన్నీ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. వారం వారం కంతు కట్టే చిన్న అప్పుకు భార్యాభర్తలు ఒకటి, ఇరవై ఏళ్ల ఇంటి అప్పుకు ఇద్దరు. అమెరికాలో స్థిరపడిన మనవాళ్లకు ఇంకో పద్ధతి ఎదురవుతుంది. టెక్సాస్, కాలిఫోర్నియా వంటి రాష్ట్రాల్లో దంపతుల ఆస్తిని ఉమ్మడిగా చూసే చట్టం ఉంది. అక్కడ ప్రభుత్వ హామీ ఉండే ఎఫ్‌హెచ్‌ఏ ఇంటి రుణానికి ఒక్కరే దరఖాస్తు చేసినా, రెండో వారి అప్పులను కూడా లెక్కలో కలుపుతారు. రెండో వారి స్కోరు బాగాలేదన్న కారణంతో మాత్రం తిరస్కరించరు. ఇక్కడ దరఖాస్తులో లేని మనిషి అప్పులు ఆ లెక్కలోకి రావు. కొత్తచెరువు జంటకు ఉన్న వెసులుబాటు ఇదే, దాన్ని తెలిసి వాడుకోవాలి.

ఈ నేల మీద స్కోరు ఎలా పడుతుంది

స్కోరు తగ్గిందంటే మనిషి దుబారా చేశాడనో మోసం చేశాడనో అనుకోవడం అన్యాయం. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటు వాన 550 మిల్లీమీటర్ల దగ్గర ఆగుతుంది. ఆ వాన కూడా పంటకు కావలసిన రోజున పడుతుందన్న హామీ లేదు. బోరు లేని చేలో శెనక్కాయ వేసే మనిషి అప్పు కట్టే తేదీ నిర్ణయించేది మేఘం.

పంట రుణం కథ నుంచే మొదలుపెడదాం. కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షల దాకా 7 శాతానికి అప్పు దొరుకుతుంది. గడువులోగా కడితే 3 శాతం తగ్గి 4 శాతమే పడుతుంది. గడువు దాటితే ఆ రాయితీ పోతుంది, ఖాతా ఓవర్‌డ్యూలో పడుతుంది. మామూలు అప్పు 90 రోజులు ఆగితే మొండి బకాయి అవుతుంది. స్వల్పకాలిక పంటల అప్పుకు రెండు పంటకాలాల వ్యవధి ఉంది. అంటే రిజర్వు బ్యాంకు రైతుకు కొంత ఊపిరి ఇచ్చింది. కానీ వరసగా రెండు పంటలు ఎండటం ఈ సీమలో వింత కాదు.

కరువు వచ్చినప్పుడు వాడుకోవలసిన ఇంకో నియమం ఉంది, అది వాడుకునేవాళ్లు తక్కువ. ప్రకృతి వైపరీత్యాల మీద రిజర్వు బ్యాంకు 2018 ఆదేశాల ప్రకారం, పంట నష్టం 33 నుంచి 50 శాతం ఉంటే పంట రుణాన్ని 2 ఏళ్ల దాకా, 50 శాతం దాటితే 5 ఏళ్ల దాకా కంతులుగా మార్చవచ్చు. అలా మార్చిన అప్పు మొండి బకాయి కింద పడదు. కానీ కరువు వచ్చేనాటికి ఓవర్‌డ్యూ లేని ఖాతాలకే ఈ అవకాశం. మండలాన్ని కరువు మండలంగా ప్రకటించారని పేపర్లో చదివి ఊరుకుంటే ఖాతా దానంతటది మారదు. బ్యాంకుకు పోయి రాసి ఇవ్వాలి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకోవాలి.

రుణమాఫీ మరో కారణం. 2014లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కుటుంబానికి లక్షన్నర దాకా మాఫీ ప్రకటించింది, డబ్బు విడతలుగా వచ్చింది. మాఫీ అన్న మాట వినగానే రైతు కట్టడం ఆపాడు. ప్రభుత్వం సొమ్ము ఖాతాలో పడేదాకా బ్యాంకు గడియారం మాత్రం ఆగలేదు. ఆ మధ్యకాలమంతా రిపోర్టులో ఆలస్యంగానే నమోదవుతుంది. రైతు తప్పేమీ లేదు, నాయకుల మాట నమ్మాడు. మాఫీ ఎవరు ప్రకటించినా, సొమ్ము జమయ్యేదాకా ఖాతాను రెన్యువల్ చేసుకుంటూ ఉండటమే క్షేమం.

ఆడవాళ్ల వైపు నుంచి వచ్చే మరక వేరు. 2010 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ మీద ఆర్డినెన్సు తెచ్చినప్పుడు వసూళ్లు దాదాపు నిలిచిపోయాయి. ఆ తర్వాతి ఏళ్లలో చిన్న అప్పులు కూడా క్రెడిట్ సంస్థల పుస్తకాల్లోకి ఎక్కాయి. 2016 నుంచి స్వయం సహాయక సంఘాల్లో ఒక్కో సభ్యురాలి వివరాలు కూడా బ్యాంకులు దశలవారీగా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. సంఘం అప్పు సంఘం గొడవ, నాకేం సంబంధం అనుకునే కాలం పోయింది.

జామీను సంతకం అన్నింటికంటే కనబడకుండా దెబ్బ కొడుతుంది. బావమరిది ట్రాక్టరుకో, తమ్ముడి బండికో పెట్టిన సంతకం చట్టం దృష్టిలో అప్పుతో సమానం. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ప్రకారం జామీనుదారు బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యత ఎంతో అంత. వాళ్లు కంతు ఆపితే ఆ మచ్చ మీ రిపోర్టులోకి వస్తుంది.

వీటిలో ఏది మీ ఇంటి కారణమో తెలియకుండా ఒకరినొకరు నిందించుకోవద్దు. స్కోరు అంకె ఒక్కటే, దాని వెనకున్న కథలు వేరు, వాటికి మందులూ వేరు.

రిపోర్టు చదవడం, తప్పు దిద్దించడం

బ్యాంకుకు పోకముందే ఇద్దరి రిపోర్టులూ తెప్పించుకోండి. నాలుగు సంస్థల్లో ఒక్కొక్కటీ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టును ఉచితంగా ఇవ్వాలి, 2017 నుంచి ఇది నియమం. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గదు. నాలుగైదు చోట్ల ఒకేసారి లోనుకు దరఖాస్తు పెడితే తగ్గుతుంది. ఏజెంటు చేతికి కాగితాలిచ్చి, ఎవరిస్తే వాళ్ల దగ్గర తెండి అనడం అందుకే మంచిది కాదు.

రిపోర్టులో నాలుగు చోట్ల వేలు పెట్టి చదవాలి. ఒకటి, అందులోని అప్పులన్నీ మీవేనా. రెండు, ఒకే అప్పు రెండుసార్లు ఉందా. 2020 ఏప్రిల్ 1న సిండికేట్ బ్యాంకు కెనరాలో, ఆంధ్రాబ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిశాయి. మన సీమలో ఊరూరా తెలిసిన ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న మిగతా మూడు గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. పాత పేరున ఒకసారి, కొత్త పేరున ఒకసారి అప్పు కనిపిస్తోందేమో చూసుకోవాలి. మూడు, గత 36 నెలల్లో ఏయే నెల ఎన్ని రోజులు ఆలస్యమైంది. నాలుగు, తీరిపోయిన అప్పు పక్కన క్లోజ్డ్ అని ఉందా, సెటిల్డ్ అని ఉందా, రిటెన్ ఆఫ్ అని ఉందా.

ఈ నాలుగోది చాలామందిని ముంచుతుంది. బ్యాంకు లోక్ అదాలత్‌లో పిలిచి, లక్షకు అరవై వేలు కట్టు చాలు అంటే సంతోషంగా కట్టి వస్తారు. బ్యాంకు పుస్తకంలో అది సెటిల్‌మెంటు. నలభై వేలు వదులుకున్నామన్న గుర్తు రిపోర్టులో ఉండిపోతుంది. ఇల్లు కట్టుకునే ఆలోచన ఉన్నవాళ్లు వీలైతే ఆ మిగిలిన మొత్తం కూడా కట్టి, నో డ్యూ సర్టిఫికెట్ తీసుకుని, క్లోజ్డ్ అని మార్పించాలి. రిటెన్ ఆఫ్ అంటే మాఫీ అని అర్థం చేసుకోవద్దు. బ్యాంకు తన లెక్కల్లో ఆ అప్పును పక్కన పెట్టింది, మీ బాధ్యత అలాగే ఉంది.

తప్పు కనిపిస్తే క్రెడిట్ సంస్థకూ బ్యాంకుకూ రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో పరిష్కరించాలి. 2024 ఏప్రిల్ 26 నుంచి, ఆ గడువు దాటిన ప్రతి రోజుకూ 100 రూపాయల చొప్పున ఫిర్యాదుదారుకు పరిహారం ఇవ్వాలన్న నియమం అమల్లోకి వచ్చింది. అప్పటికీ కదలకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నాడు. 2022 సెప్టెంబరు నుంచి క్రెడిట్ సంస్థలు కూడా ఆ పరిధిలోకి వచ్చాయి. 14448 నంబరుకు ఫోను చేస్తే ఫిర్యాదు ఎలా పెట్టాలో చెప్తారు. ఖర్చేమీ లేదు.

రిపోర్టులో ఏమీ లేకపోవడం వేరే సంగతి. ఇంటిపట్టునే ఉండి, తన పేరున ఎప్పుడూ అప్పు తీసుకోని భార్యకు స్కోరే ఉండదు. అది చెడ్డ స్కోరు కాదు. మొదటిసారి అప్పు అడిగేవారిని చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తిప్పిపంపకూడదని 2025 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ పార్లమెంటులో స్పష్టం చేసింది. రిజర్వు బ్యాంకు కనీస స్కోరు అంటూ ఏదీ పెట్టలేదని కూడా చెప్పింది. 750 ఉండాలి, 700 ఉండాలి అన్నవి ఆయా బ్యాంకుల సొంత నియమాలు. కాబట్టి ఒక బ్యాంకు కాదంటే అందరూ కాదన్నట్టు కాదు.

స్థలం ఎవరిది, అప్పు ఎవరిది, కంతు ఎవరిది

ఈ మూడు ప్రశ్నలకు మూడు కాగితాలు జవాబు చెప్తాయి: రిజిస్ట్రేషన్ దస్తావేజు, లోను ఒప్పందం, కంతు పోయే బ్యాంకు ఖాతా. మూడింటి మీదా ఒకే పేరు ఉండాలన్న చట్టం లేదు. కానీ బ్యాంకుల పద్ధతి ఒకటి ఉంది. స్థలం మీద హక్కు ఉన్న ప్రతివారూ లోనులో సంతకం పెట్టాలంటారు. లోనులో సంతకం పెట్టినవారందరికీ స్థలం మీద హక్కు ఉండాలని అడగరు. ఈ తేడా గుర్తుంటే సగం చిక్కు విడిపోతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. భార్య టీచరు, స్కోరు బాగుంది. భర్త రైతు, పంట రుణం ఓవర్‌డ్యూ. స్థలం భార్య పేరున ఉంటే ఆమె ఒక్కరే దరఖాస్తు చేసుకోవచ్చు, భర్త రిపోర్టు తీయవలసిన పని లేదు. స్థలం భర్త పేరునో ఇద్దరి పేరునో ఉంటే భర్త సంతకం తప్పదు, ఆ సంతకంతో అతని రిపోర్టూ వస్తుంది. అందుకే స్థలం ఇంకా కొనని జంటలు, రిజిస్ట్రేషన్‌కు పోకముందే ఇద్దరి రిపోర్టులూ చూసుకోవాలి. ఒకసారి రిజిస్టరయ్యాక పేరు మార్చాలంటే మళ్లీ దస్తావేజు, మళ్లీ ఖర్చు. ఆంధ్రప్రదేశ్‌లో అమ్మకం దస్తావేజుకు స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపితేనే 7.5 శాతం.

కంతు సంగతి చూస్తే, భార్య పేరున ఉన్న ఇంటికి భర్త డబ్బు కట్టడం తప్పేమీ కాదు. బినామీ చట్టం భార్య లేదా భర్త పేరున, లెక్క చూపగల ఆదాయంతో కొన్న ఆస్తిని బినామీగా చూడదు. పంట అమ్మిన డబ్బును చేతికివ్వకుండా ఆమె ఖాతాకు బ్యాంకు ద్వారా పంపితే ఆ లెక్క ఇద్దరికీ రక్ష.

ప్రభుత్వం ఇచ్చిన పట్టా స్థలాల దగ్గర ఒక జాగ్రత్త. 2020 డిసెంబరు 25న మొదలైన ఇళ్ల పట్టాల పంపిణీలో పట్టాలు మహిళల పేరునే ఇచ్చారు. అసైన్డ్ భూమైనా, 22ఎ నిషేధిత జాబితాలో ఉన్నదైనా బ్యాంకు మామూలు హోంలోనుకు తాకట్టు తీసుకోదు. అక్కడ స్కోరు ఎంత బాగున్నా ఉపయోగం లేదు. ఈసీ, లింకు డాక్యుమెంట్లు, ప్లాన్ అనుమతి సరిచూసుకున్నాకే స్కోరు సంగతి ఎత్తుకోవాలి.

ఏ దారికి ఎంత ఖర్చు

*ఒక్కరే దరఖాస్తు చేయడం.* ఇది శుభ్రమైన దారి, కానీ అప్పు తగ్గుతుంది. బ్యాంకులు సాధారణంగా చేతికొచ్చే జీతంలో సగం దాకా కంతులకు పోవచ్చునని చూస్తాయి. జీతం 50,000 అయితే కంతు 25,000. వడ్డీ 8.5 శాతం, గడువు 20 ఏళ్లు అనుకుంటే అది సుమారు 28 లక్షల 80 వేల అప్పుకు సరిపోతుంది. అదే మనిషి ఇప్పటికే నెలకు 4,000 వేరే కంతు కడుతుంటే అప్పు సుమారు 4 లక్షల 60 వేలు తగ్గుతుంది. చిన్న అప్పును ముందే తీర్చేస్తే ఎంత లాభమో ఇందులో తెలుస్తుంది. ఇంకో మాట, 30 లక్షల లోపు అప్పుకు ఇంటి విలువలో 90 శాతం దాకానే బ్యాంకు ఇవ్వవచ్చు. మిగతా 10 శాతం, రిజిస్ట్రేషన్ ఖర్చు చేతిలో ఉండాలి.

*ఇద్దరూ కలిసి చేయడం.* కొందరు తక్కువ స్కోరుతోనూ ఒప్పుకుంటారు, వడ్డీ పెంచుతారు. 20 లక్షలకు 20 ఏళ్ల గడువులో 8.5 శాతమైతే కంతు 17,356 రూపాయలు. 9.5 శాతమైతే 18,643. నెలకు తేడా 1,287 రూపాయలే. కానీ 240 నెలలకు అది 3 లక్షల 8 వేలు దాటుతుంది. ఆదాయం నిజంగా కలిసొచ్చి, ఇల్లు వాయిదా వేయలేని పరిస్థితి ఉంటేనే ఇది మంచిది. 2024 అక్టోబరు 1 నుంచి ప్రతి బ్యాంకూ సంతకానికి ముందు కీలక వివరాల పత్రం ఇవ్వాలి. ఫీజులన్నీ కలిపి అసలు ఏడాది వడ్డీ ఎంత పడుతుందో అందులో ఉంటుంది. ఆ కాగితం చదవకుండా సంతకం పెట్టొద్దు.

*హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీకి పోవడం.* వడ్డీ ఎక్కువ, నియమాలు కొంత సడలింపుగా ఉంటాయి. మారే వడ్డీ మీద తీసుకున్న వ్యక్తిగత ఇంటి రుణాన్ని ముందే తీర్చినా జరిమానా వేయకూడదు. కాబట్టి రెండు మూడేళ్లు క్రమం తప్పకుండా కట్టి, స్కోరు బాగుపడ్డాక బ్యాంకుకు మార్చుకోవచ్చు. స్థిర వడ్డీ అయితే ఈ రక్షణ ఉండకపోవచ్చు, ముందే అడగాలి.

*తండ్రినో కొడుకునో కలుపుకోవడం.* బ్యాంకులు దగ్గరి రక్తసంబంధీకులను ఒప్పుకుంటాయి. కానీ ఆ అప్పు మొత్తం వారి రిపోర్టులోనూ ఎక్కుతుంది. రేపు ఆ కొడుకు తన ఇంటికి అప్పు అడిగితే ఇది అడ్డు రావచ్చు. కాంట్రాక్టు చట్టం 43వ సెక్షను ప్రకారం, కలిసి సంతకం పెట్టినవారిలో ఎవరినైనా మొత్తం కట్టమని అడిగే హక్కు బ్యాంకుకు ఉంది. నా వాటా నేను కట్టాను అన్న జవాబు చెల్లదు. భార్యాభర్తలు విడిపోయినా ఇదే మాట వర్తిస్తుంది.

*ఆగి బాగుచేసుకోవడం.* ఓవర్‌డ్యూ చిన్నదైతే నా సలహా ఇదే. పంట రుణం కట్టి రెన్యువల్ చేయించుకోవాలి. కార్డు ఉంటే పరిమితిలో మూడోవంతు దాటకుండా వాడి, గడువుకు ముందే కట్టాలి. బంగారు లోనుకు కూడా తేదీ తప్పకూడదు. కార్డు లేకపోతే ఫిక్సెడ్ డిపాజిట్ మీద చిన్న కార్డు తీసుకుని చరిత్ర మొదలుపెట్టవచ్చు. 2025 జనవరి నుంచి బ్యాంకులు కనీసం 15 రోజులకోసారైనా వివరాలు పంపాలి కాబట్టి, కట్టిన సంగతి రిపోర్టులోకి మునుపటికంటే త్వరగా ఎక్కుతుంది. పాత ఆలస్యాల గుర్తు మాత్రం వెంటనే చెరగదు. ఆరు నెలలు, ఏడాది క్రమంగా కడితే స్కోరు మెల్లగా లేస్తుంది. స్కోరు పెంచుతామని ఫీజు అడిగేవారికి డబ్బు ఇవ్వొద్దు. నిజంగా జరిగిన ఆలస్యాన్ని ఎవరూ చెరిపేయలేరు, తప్పుగా పడ్డదాన్ని మీరే ఉచితంగా దిద్దించుకోవచ్చు. నూటికి రెండు రూపాయల వడ్డీకి చేబదులు తెచ్చి పాత అప్పు తీర్చేముందు కూడా ఆలోచించండి. అది ఏడాదికి 24 శాతం. ఎప్పుడు తీరుస్తారో తేదీ తెలిస్తేనే తేవాలి.

స్థలం పట్టణ పరిధిలో ఉంటే 2024 సెప్టెంబరులో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ 2.0ను కూడా అడగాలి. ఏడాది ఆదాయం 9 లక్షల లోపు, ఇంటి విలువ 35 లక్షల లోపు, అప్పు 25 లక్షల లోపు ఉన్నవారికి మొదటి 8 లక్షల మీద 4 శాతం వడ్డీ రాయితీ ఉంది. మొత్తం మీద 1 లక్షా 80 వేల దాకా అందవచ్చు. ఇందులో కుటుంబమంతా ఒక లెక్క, ఇల్లు ఇల్లాలి పేరునో ఉమ్మడిగానో ఉండాలి. లోను సులువు కోసం భార్య పేరు తీసేసే ముందు ఈ సంగతి చూసుకోవాలి.

పేరు లేని మనిషి హక్కు

ఇంత లెక్క చేశాక చాలా ఇళ్లు ఆగిపోతాయి. నా దృష్టిలో అసలు పని ఇక్కడి నుంచే. బ్యాంకు ఒకరి పేరు వద్దంది అంటే, ఇరవై ఏళ్లు ఆ ఇంటికి చెమట పెట్టే మనిషి కాగితం మీద ఎక్కడా కనబడకుండా పోవచ్చు. సేద్యం చేసే భర్త అయినా, ఇల్లు నడిపే భార్య అయినా అది న్యాయం కాదు.

చట్టం ఏం చెప్తుందో తెలిసి ఉండాలి. హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షను ప్రకారం భార్య పేరున ఉన్న ఆస్తి ఆమె సంపూర్ణ ఆస్తి. ఇల్లు భర్త పేరునే ఉండి ఆయన వీలునామా రాయకుండా పోతే భార్యకు వాటా వస్తుంది, ఒంటరిగా కాదు. పిల్లలు, బతికుంటే ఆయన తల్లి, అందరూ సమాన వారసులు. భార్య పేరున ఉండి ఆమె ముందు పోతే భర్త, పిల్లలు పంచుకుంటారు. ఈ పంపకం వద్దనుకుంటే దానికి ముందే కాగితం ఉండాలి.

అందుకే లోను మంజూరైన నెలలోనే మూడు పనులు చేయమంటాను. ఇల్లు ఎవరి పేరున ఉందో వారు వీలునామా రాసి రిజిస్టరు చేయించాలి. రెండో వారు పెట్టిన డబ్బు బ్యాంకు ద్వారానే పోవాలి, రసీదులు దాచాలి. స్కోరు బాగుపడ్డాక, బ్యాంకు అనుమతితో రెండో పేరును దస్తావేజులో చేర్చుకునే సంగతి ఒక తేదీ పెట్టుకుని మళ్లీ మాట్లాడుకోవాలి. సంపాదించే మనిషి ఒక్కరే అయితే, అప్పుకు సరిపడా జీవిత బీమా కూడా ఉండాలి. అది ఎక్కడ తీసుకోవాలన్నది మీ ఇష్టం.

అప్పు మొత్తం తీరాక 30 రోజుల్లో బ్యాంకు ఒరిజినల్ దస్తావేజులు తిరిగివ్వాలి. బ్యాంకు వల్లే ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని 2023 డిసెంబరు 1 నుంచి నియమం ఉంది. ఆ రోజు వచ్చినప్పుడు ఏ కాగితం ఎవరి పేరున ఉంటుందో అప్పుడు నిర్ణయించేది కాదు, దరఖాస్తు నింపే ముందు నిర్ణయించేది.

బ్యాంకుకు పోయే ముందు ఇంట్లో ఒక సాయంత్రం కూర్చోండి. ఇద్దరి రిపోర్టులూ ముందు పెట్టుకోండి. ఏ మరక కరువుది, ఏది మాఫీది, ఏది జామీనుది, ఏది నిజంగా మన నిర్లక్ష్యమో గుర్తు పెట్టండి. స్కోరు తక్కువ ఉన్న మనిషి దాచుకోకుండా చెప్పాలి, ఎక్కువ ఉన్న మనిషి ఎత్తిపొడవకుండా వినాలి. దాచిన ఓవర్‌డ్యూ బ్యాంకు మేనేజరు నోట బయటపడితే అప్పుతో పాటు నమ్మకం కూడా పోతుంది. ముందే బయటపెట్టిన ఓవర్‌డ్యూకు మాత్రం ఇక్కడ చెప్పిన దారుల్లో ఏదో ఒకటి దొరుకుతుంది.